హయాత్ బాషా రాసిన బహ్రెయిన్ దారి

శుక్రవారం పొద్దున్నే కరామాలోని ఫ్లాట్‌లో కుబ్రా బేగం టీ పెడుతోంది. దుబాయ్ వచ్చి ఒక్కరోజే అయింది. చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియదు, గ్యాసు ఎటు తిప్పాలో తెలియదు. ఇవన్నీ రెండు రోజుల్లో అలవాటైపోయేవే. ఆమెకు అంతుబట్టనిది వేరే ఉంది.

బొంబాయి నుంచి నేరుగా సీటు దొరక్క, దారిలో బహ్రెయిన్‌లో దిగి విమానం మారాల్సి వచ్చింది. ఆరేళ్ళ కిందట తాను వచ్చిందీ ఆ దారినేనంటూ మొగుడు హయాత్ బాషా నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. చుట్టూ సముద్రం, మధ్యలో దీవి, దాని మీద విమానాశ్రయం. దిగగానే ఎడమచేతి వైపు మెట్లు, మెట్ల కింద మంచినీళ్ళ కుళాయి, పక్కనే ఎర్ర కుర్చీలు. అక్కడే కూర్చోవాలి, ఎవరు పిలిచినా కదలకూడదు, బస్సు వస్తుంది. నెల్లూరులో ఉండగానే కుబ్రా దాన్ని బట్టీ పట్టింది.

తీరా దిగి చూస్తే ఎడమవైపు గోడ! మెట్లూ లేవు, ఎర్ర కుర్చీలూ లేవు. తండ్రి మొహమే ఎరగని అయిదేళ్ళ షంషాద్‌ను చంకనేసుకుని, గుడ్డెద్దు చేలో పడ్డట్టు హాలంతా తిరిగింది. చివరికి ఎక్కడో కుళాయి కనబడితే ఇదే కాబోలనుకుని దాని పక్కన నేల మీద చతికిలబడింది. ఎవరో వచ్చి ఏదో అడిగితే కదల్లేదు. కదలొద్దని ఉత్తరంలో ఉంది మరి! ఆమె ఎక్కాల్సిన విమానం కాస్తా వెళ్ళిపోయింది. తర్వాతి దాంట్లో ఎక్కించేదాకా పది గంటలు తల్లీబిడ్డా ఏడుస్తూనే ఉన్నారు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే.

పక్కగదిలో కాపురముంటున్న కడప మనిషి సైదున్నీసా పాలు కాచుకోవడానికి వచ్చింది.

"ఏం భాభీ, బహ్రెయిన్‌లో శానా తిప్పలు పడితివంట గదా! మీ ఆయన నన్నెన్నిసార్లు అడిగినాడని! యాడ దిగల్ల, యాడ కూచోవల్ల, నీళ్ళు యాడుంటాయి అని. నేనా దారిన వచ్చి రెండేండ్లాయ, నాకేం గుర్తుంటాది? నోటికొచ్చింది చెప్పినా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

కుబ్రా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ దారిన వచ్చిన మనిషి ఇంకొకర్ని అడగడమేమిటి? ఆ దారిన రాలేదా? మరి ఎలా వచ్చాడు? ఆలోచించేకొద్దీ బుర్ర తిరిగిపోయింది. టీ పొంగి పొయ్యి మీద పడింది.

గదిలో షంషాద్ ఇంకా నిద్రపోతోంది. హయాత్ జుమ్మా నమాజుకు లాల్చీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఏందండీ, మీరు బహ్రెయిన్ చూసినారా?"

"చూడకేం! రాసినా గదా."

"ఎడమపక్క గోడుంది."

"కట్టుంటారులే. ఆరేళ్ళాయ."

"కుర్చీలు ఎరుపు గావు."

"మార్చుంటారు."

"మరి సైదున్నీసాని ఎందుకడిగినారు?"

హయాత్ తల వంచుకుని లాల్చీ మీద ఇస్త్రీపెట్టె రుద్దుతూనే ఉన్నాడు. కుబ్రాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆరేళ్ళు మీ ఉత్తరాలు పట్టుకోని బతికినా నేను. ఒంట్లో బాగుందని రాస్తే బాగుందనుకున్నా. మంచి గది ఇచ్చినారంటే ఇచ్చినారనుకున్నా. ఇదొక్కటి అబద్ధమైతే మిగతావాటిల్లో ఏది నిజం? చెప్పండి. లేదంటే నేనూ బిడ్డా నెల్లూరు పోతాం!"

అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాడు.

"విమానం ఎక్కుంటే గదా కుబ్రా, నాకు తెలిసేది! నేను లాంచీలో వచ్చినా. దొంగతనంగా. బొంబాయి నుంచి తొమ్మిది రోజులు. ఒడ్డు కనబడతానే దూకమన్నారు. మెడలోతు నీళ్ళు. ఇద్దరు ఒడ్డుకు రాలా. కాగితాల్లేకుండా నాలుగేళ్ళు దాక్కోని పనిచేసినా, ఈ కఫీల్, నాకు పనిచ్చిన అరబ్బు, దయతలిచి కాగితాలు చేయించేదాకా. అప్పుడు నువ్వు కడుపుతో ఉండావు. ఆ మాట నీకెట్టా రాయాల?"

"మరి ఈ ఉత్తరం?"

"నీకు టికెట్టు వచ్చినాక భయమేసింది. ఆ దారిన వచ్చిన ప్రతివాణ్నీ అడిగినా. ఒకడు మెట్లు చెప్పె, ఒకడు కుర్చీలు చెప్పె. ఎవడు ఏ ఊరిది చెప్పినాడో ఏమో, అన్నీ కలిపి రాసినా. నువ్వు తప్పిపోకూడదనే."

కుబ్రా కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. మా ఆయన విమానంలో పోయాడని ఆ రోజుల్లో తాను ఇంటింటికీ తిరిగి గొప్పలు చెప్పుకుంది. అప్పుడతను మెడలోతు నీళ్ళలో ఉన్నాడు.

"ఒక్కమాట రాసుంటే మీతోపాటు నేనూ ఏడిచుండేదాన్ని గదా" అంటూ భోరుమంది.

కాసేపటికి హయాత్ బెరుగ్గా అడిగాడు.

"వచ్చే ఏడు సెలవిస్తారంట. నేనూ విమానం ఎక్కాల. లేచేటప్పుడు ఎట్టుంటాది కుబ్రా?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని అతని పక్కన కూర్చుంది. అతని చేతులు రెండూ పట్టుకుంది.

"చెవులు గుయ్యిమంటాయి. కడుపులో తిప్పుతాది. కళ్ళు మూసుకోండి, అంతే. నేను పక్కనే ఉంటా గదా."

చెబుతూనే మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఇద్దరూ ఏడ్చారు.