డాక్టరు ఆఖరున మాట్లాడాలి

"నాన్నా, ఇక డ్రైవింగ్ మానెయ్," అన్నాడు మెడిసిన్ చదివే కొడుకు షూ లేసు ముడేస్తూ.

తండ్రి సిటీ బస్సు డ్రైవరు. నెలలో మూడుసార్లు కళ్లు తిరిగాయి. రేపే డిపోలో వైద్య పరీక్ష. అందులో తప్పితే స్టీరింగు పోయినట్టే.

"ఇరవై ఆరేళ్లలో బండికి గీత పడలేదు," అన్నాడాయన. "చదువింకా పూర్తి కాకుండానే నాకు రిటైర్మెంట్ ఇచ్చేశారా డాక్టరుగారూ?"

"అన్నయ్యా, మన క్లినిక్‌కి తీసుకెళ్దాం," అంది నర్సింగ్ చదివే చెల్లి.

"సరే. నువ్వు బీపీ చూసి రాసివ్వు. మిగతాది నేను చూసుకుంటా."

ఆమె బీపీ మిషను సంచిలో పెట్టుకుంది.

విద్యార్థులే నడిపే ఆ ఉచిత క్లినిక్‌లో ఒక కట్టుబాటు ఉంది. రోగిని ఒక్కొక్కరుగా చూశాక అందరూ బల్ల చుట్టూ చేరతారు. డాక్టరు చదివేవాళ్లు ఆఖరున మాట్లాడాలి. పర్యవేక్షించే పెద్ద డాక్టరమ్మ ఈ విషయంలో దేవుడొచ్చి చెప్పినా వినదు.

కొడుకు కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "చెవి సమస్య. బస్సు నడపడానికి పనికిరాడని..."

"నీ వంతు రాలేదు," అందావిడ.

"ఒంటికాలి మీద నిలబెట్టాను, తూలలేదు. తల ఎటు తిప్పినా కళ్లు తిరగలేదు," అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

"పడుకుంటే బీపీ బాగుంది. లేచి నిలబడగానే ముప్పై పాయింట్లు పడిపోయింది," అంది చెల్లి.

ఫార్మసీ కుర్రాడు ఆయన వేసుకునే బీపీ మాత్రల అట్ట చూపించాడు. "పోయిన నెల డోసు పెంచారు. ఇది ఒంట్లో నీటిని లాగేస్తుంది. పొద్దున్నే వేసుకుని డ్యూటీ ఎక్కుతున్నారు."

"మరి నీళ్లు తాగుతున్నాడా?" అంది డాక్టరమ్మ.

"అడిగాను మేడమ్," అంది చెల్లి. "పొద్దున ఐదింటి నుంచి ఒంటిగంట దాకా చుక్క ముట్టడు. రూటులో బాత్రూమ్ లేదట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు."

ముగ్గురి చేతుల్లోని మూడు ముక్కలు అతుక్కుని, తండ్రి ఒంట్లో జరిగేది కొడుకు కళ్లముందు నిలిచింది. ఒకే ఇంట్లో ఉంటూ తను చూడనిది వీళ్లు గంటలో చూశారు.

"ఇప్పుడు చెప్పు," అంది డాక్టరమ్మ.

"నేను పొరబడ్డాను మేడమ్. మందు మార్చాలి. నీళ్లు తాగాలి. వారం బండి ఎక్కకూడదు. పరీక్ష వాయిదాకి ఉత్తరం ఇచ్చి, మళ్లీ చూడాలి."

ఆవిడ ఉత్తరం రాసి సంతకం పెట్టింది.

అతను చెల్లి వైపు తిరిగాడు. "ఇంకేమైనా గమనించావా?" ఆమెను అలా అడగడం అదే మొదటిసారి.

"గమనించాను. నువ్వు గదిలోకి రాగానే నాన్న నాడి పరుగెత్తింది. నీకు భయపడుతున్నాడు."

అతని కళ్లు నిండాయి. బయటికెళ్లి బెంచీ మీద తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, నీ రూటు ఎలా ఉంటుందో చెప్పు."

"మొదటి స్టాపు నుంచా?" అన్నాడాయన అనుమానంగా.

"మొదటి స్టాపు నుంచే."