లెక్క నడుమ పెరిగిన మడి

"ఈ మడి మధ్యలో ఎలా పెరిగిందండీ?"

విఠల్ తలెత్తాడు. బయట వాన దంచుతోంది. మూసిన గొడుగులోంచి నీళ్లన్నీ జిరాక్స్ మిషను పక్కనే కారుస్తూ ఒకమ్మాయి నిలబడి ఉంది. కౌంటరు మీద హోంవర్కు నోట్సు తెరిచి పెట్టి, గీతకో మెట్టుగా రాసిన లెక్కలో ఒక గీత మీద వేలు ఆనించింది.

"ఏ మడి మేడం?"

"ఇదిగో, ఇది. పొడవు వెడల్పు కంటే అయిదు మీటర్లు ఎక్కువ. మొత్తం ఎనభై నాలుగు చదరపు మీటర్లు. పొడవెంత అని లెక్క. ఇక్కడిదాకా బాగానే ఉంది. కింది గీతకొచ్చేసరికి ఎనభై నాలుగు కాస్తా నూట ఇరవై ఆరయింది. కాలవ నీళ్లొస్తే పంట పెరుగుద్దని తెలుసు గానీ, మడే పెరగడం మా క్యాంపులో ఎప్పుడూ చూళ్లేదు."

విఠల్ నోట్సు వైపు వంగి చూశాడు. చేతిరాత, పక్కనున్న సైకిలు షాపు సత్తార్ కూతురు ముస్కాన్‌ది. లెక్క మాత్రం తనది.

"గైడు వెనక జవాబు పద్నాలుగని ఉంది మేడం. ఎంత చేసినా పన్నెండే వస్తుండె. పద్నాలుగు రావాలంటే నడుమ జెర..."

"నడుమ మార్చేశారు."

"జవాబు కలవాలె గద."

"గైడులో అచ్చుతప్పండీ అది. పన్నెండే రైటు. మీరు ముందు రైటే చేశారు. రైటు చేసి, దాన్ని కొట్టేసి, తప్పు రాశారు. మా టెన్త్ క్లాసులో సగం మంది అదే తప్పు, అదే గీతలో రాసుకొచ్చారు."

విఠల్‌కు తల కొట్టేసినట్టయింది.

రెండు వేల మూడులో సంగతి ఇది. బాన్సువాడ బస్టాండు ఎదురుగా విఠల్ ఎస్టీడీ బూతు ఉండేది. అందులోనే జిరాక్సు. డిగ్రీ రెండో ఏడులో ఉండగా తండ్రి బసవయ్యకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. విఠల్ చదువు వదిలేసి షాపులో కూచున్నాడు. లెక్కలంటే మాత్రం పాణం. బడి నుంచి వచ్చే ఆడపిల్లలు "విఠలన్నా, గీ లెక్క జెర చేసియ్యవా" అంటే చాలు, కరిగిపోయేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. మంచివాడే. కాకపోతే, ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ మంచితనంలో కొంచెం గొప్ప కూడా ఉంది. ఆ లెక్కలు చేస్తున్నంతసేపూ తన చదువు ఆగిపోలేదనిపించేది అతనికి.

నోట్సు పట్టుకొచ్చినమ్మాయి పేరు సుప్రజ. కోటగిరి దారిలో, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న ఆంధ్రా క్యాంపు పిల్ల. ఆ ఏడే బడిలో లెక్కలు చెప్పడానికి విద్యా వలంటీరుగా చేరింది.

"తిట్టనీకె వచ్చిండ్రా మేడం?"

"తిట్టడానికే వచ్చాను. దారి పొడుగునా ఏమేం అనాలో అనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే మీరు మోసగాడిలా లేరు. అదే చిక్కొచ్చి పడింది."

అతనికి నవ్వొచ్చింది గానీ, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

"ముస్కాన్‌ని నిన్న బోర్డు దగ్గరికి పిలిచాను," అంది సుప్రజ. "హోంవర్కులో అన్నీ రైటు తెచ్చే పిల్ల. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొదటి గీత కూడా రాయలేదు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి, వెళ్లి కూచుంది. వాళ్ల నాన్న ఏమన్నాడో మీకు తెలుసుగా?"

తెలుసు. బజారులో తెలియనివాళ్లు లేరు. టెన్త్‌లో లెక్కలు గట్టెక్కితే ఇంటర్, లేకపోతే జుక్కల్ నుంచి వచ్చిన సంబంధం ఖాయం. సత్తార్ ఒక మాట అన్నాడంటే దాని మీదే నిలబడే మనిషి.

విఠల్ నోట్సు మూశాడు. సాయం చేస్తున్నానని మురిసిపోతూ ఆ పిల్ల కాళ్లు తానే కట్టేశాడు.

"పిల్లల్ని రానియ్యకుంట చేస్త మేడం."

"వద్దు. మీ దగ్గరికి రావడం వాళ్లకిష్టం. రానివ్వండి. బడయ్యాక నేనూ వచ్చి కూచుంటాను. ఒకటే షరతు. పెన్ను మీరు ముట్టుకోకూడదు."

"పెన్ను ముట్టకుంట లెక్క చెప్పుడెట్ల?"

"తర్వాతేం చేస్తావని అడగండి. అడిగి ఆగండి."

అడగడం తేలికే. ఆగడమే ప్రాణసంకటంగా ఉండేది. షాపు ముందు బెంచీల మీద పిల్లలు కూచుని ఒక్కో గీతతో కుస్తీ పడుతుంటే విఠల్ వేళ్లు వాటంతటవే పెన్ను మీదికి పోయేవి. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూచోవడం మొదలుపెట్టాడు.

"మేడం, అన్న చేతులు అరెస్టయినయ్," అని పిల్లలు నవ్వేవాళ్లు.

"ఒక్క గీతకు పావుగంట తీసుకుంటుండ్రు మేడం. నా పాణం పోతుంది," అనేవాడు విఠల్.

"పోనివ్వండి. పావుగంటయ్యాక అదే తిరిగొస్తుంది."

వానాకాలం అట్లా గడిచిపోయింది. సుప్రజ పొద్దుగూకే వేళ కోటగిరి బస్సెక్కేది. బస్సొచ్చే వేళకు విఠల్‌కు ఎక్కడలేని అనుమానాలూ పుట్టుకొచ్చేవి. "ఇంకొక్క లెక్కుంది మేడం." "అది నిన్న చెప్పేశాంగా విఠల్ గారూ?" "మరిచిపోయినం." ఆమె నవ్వకుండా ఆ లెక్క మళ్లీ చెప్పేది. షాపు వెనక గదిలోకి వెళ్లి కుర్చీలో ఉన్న బసవయ్యను పలకరించి వచ్చేది. ఆయన మాట సరిగ్గా వచ్చేది కాదు, అయినా ఆమె తొందరపడకుండా పూర్తయ్యేదాకా వినేది.

ఒకరోజు కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో ముస్కాన్‌కు లెక్క చెబుతూ సుప్రజే తప్పు చేసింది. దిద్దుకోబోయి ఆగి, "నేనెక్కడో తప్పు చేశాను ముస్కాన్, పట్టుకో చూద్దాం," అంది. ముస్కాన్ వెతికి వెతికి వేలు పెట్టి చూపించింది. "ఇగో మేడం, గిక్కడ." తప్పు దొరికిపోయినందుకు సుప్రజ మొహం వెలిగిపోయింది. ఇదిగో, సరిగ్గా అప్పుడు తెలిసింది విఠల్‌కు, ఈమె లేకుండా తన బతుకు లేదని.

తెలిసినా నోరు తెరవలేదు. ముస్కాన్ గట్టెక్కాలి. అంతవరకూ ఆ మాట అడగడానికి తనకు మొహం లేదు. అలా మనసులో గట్టిగా అనుకున్నాడు.

ప్రీఫైనల్ పరీక్షల ముందు సుప్రజకు జ్వరం వచ్చి రాలేదు. ముస్కాన్ ఒక్కతే వచ్చి కూచుంది. నాలుగు గీతలు రాసి ఆగిపోయింది. ఎంతసేపటికీ అయిదోది రాలేదు.

"అన్నా, రేపు బడిలో చూపియ్యాలె. నాతోని అయితలేదు. ఈ ఒక్కపారి చేసియ్యి."

ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లు. విఠల్ తొడల కింద నుంచి చేతులు తీశాడు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. ముస్కాన్ కళ్లు తుడుచుకుని నోట్సు తీసుకుని వెళ్లిపోయింది.

వారం తిరిగాక సుప్రజ వచ్చి ఆ నోట్సు కౌంటరు మీద పెట్టింది.

"లెక్క రైటేనండీ. ప్రీఫైనల్లో ఇదే లెక్క ఇచ్చారు. ముస్కాన్ దీన్ని ఖాళీగా వదిలేసింది."

"మేడం, పోరి ఏడుస్తుంటే..."

"ఆ పిల్ల ఏడవడం నేనూ చూశాను విఠల్ గారూ, చాలాసార్లు. నా చెయ్యి మాత్రం పెన్ను మీదికి పోలేదు."

ఇంకో మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది విఠల్‌కు. ఆ మర్నాటి నుంచి ఆమె షాపు వైపు రాలేదు. బడి నుంచి నేరుగా బస్టాండుకు పోయి బస్సెక్కేది.

ముస్కాన్ ప్రీఫైనల్ తప్పింది. ఇంక పెద్ద పరీక్షలు రాసేది లేదన్నాడు సత్తార్. విఠల్ సైకిలు షాపుకు పోయి నిలబడ్డాడు. సత్తార్ ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"సత్తార్ భాయ్, తప్పు ముస్కాన్‌ది కాదు. నాది."

"నువ్వే చేసిపెట్టినవని నాకెరుకే. నీకు వస్తది, దానికి రాదు. గంతే గద. ఇగ ఫికర్ ఎందుకు?"

"వస్తది భాయ్. నాలుగు గీతలు తనే చేసింది. అయిదో గీత కాడ నేనే ఆగలేకపోయిన. ఇంకొంచెంసేపు ఊకుంటే చేస్తుండె. నన్ను తిట్టుండ్రి, దాన్ని ఆపకుండ్రి."

సత్తార్ బుడగలొచ్చే చోట వేలు నొక్కి పట్టాడు. ట్యూబు బయటికి తీసి గుడ్డతో తుడిచాడు.

"నా తమ్మునికి పని నేర్పుదామనుకున్న," అన్నాడు చివరికి. "పానా వాని చేతికిస్తే ఆలస్యమైతదని నేనే తిప్పుతుంటి. నేటికీ వానికి పంక్చరేసుడు రాదు. వాడు పనికిరాడని పదేళ్ల సంది తిడుతున్న." ట్యూబు పక్కన పడేశాడు. "రాయనీ. ఈ ఒక్క పరీక్ష రాయనీ."

ఆ సాయంత్రం నుంచి విఠల్, ముస్కాన్ మళ్లీ బెంచీ మీద కూచున్నారు. ఫోను మోగితే లేచేవాడు, లేకపోతే చేతుల మీద కదలకుండా కూచునేవాడు. వేళ్లు తిమ్మిరెక్కిపోయేవి. రోడ్డుకు అవతల కోటగిరి బస్సు ఆగేది, కిటికీ దగ్గర సుప్రజ కనిపించేది, బస్సు వెళ్లిపోయేది. లోపల పీకుతూనే ఉన్నా అటు చూడకుండా ఉండటం అలవాటు చేసుకున్నాడు.

ఒకరోజు ముస్కాన్ ఒక గీత దగ్గర ఆగింది. వీధి దీపాలు వెలిగాయి. సత్తార్ షాపు సర్దుకుంటూ రెండుసార్లు తొంగి చూసి పోయాడు. విఠల్ పెదవి కదపలేదు. బస్సు కదిలి, పది గజాలు పోయి, మళ్లీ ఆగింది. సుప్రజ దిగింది. రోడ్డు దాటి వచ్చి, బెంచీకి ఆ చివర కూచుంది.

ముస్కాన్ పెన్ను కదిలింది. ఒక గీత, ఇంకో గీత, కింద జవాబు.

"వచ్చింది," అంది ముస్కాన్ మెల్లగా, తనలో తనే చెప్పుకుంటున్నట్టు.

సుప్రజ విఠల్ వైపు చూసింది. ఇద్దరి కళ్లూ తడిగానే ఉన్నాయి.

మేలో రిజల్ట్స్ వచ్చాయి. లెక్కల్లో ముస్కాన్‌కు ముప్పై ఎనిమిది. గట్టెక్కింది.

"నలభై కూడ రాలే?" అన్నాడు సత్తార్. అని అటు తిరిగి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. చెంప మీద గ్రీజు మరక పడింది. సాయంత్రానికి ఇంటర్ కాలేజీ ఎక్కడ మంచిదని అందర్నీ అడుగుతూ తిరుగుతున్నాడు.

ఇంక దాచుకునే పని లేదు. సుప్రజ షాపుకు రాగానే విఠల్ ఎదురెళ్లాడు. "మేడం, ఒక మాట..."

"రేపు మా నాన్న వస్తున్నారు," అంది సుప్రజ. "నేనే రమ్మన్నాను."

"ఎందుకు?"

"మీరడిగేదేదో ఆయన్నే అడగాలి కదా."

"నేనేం అడుగుత?"

"ఏమో నాకేం తెలుసు? మీ లెక్క మీది."

ఆ రాత్రి విఠల్‌కు కంటి మీద కునుకు లేదు.

మర్నాడు హరనాథబాబు బండి మీద కూతుర్ని ఎక్కించుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, పెద్ద మీసాలు. బెంచీ మీద కూచుని చుట్టూ చూశాడు.

"ఏవయ్యా, ఏదో మాట్లాడాలన్నావట?"

విఠల్ అననే లేదు. సుప్రజ వైపు చూశాడు. ఒక్క మాట అందిస్తుందేమోనని ఆశ. సుప్రజ బెంచీకి ఆ చివర కూచుని ఉంది. అతను చూస్తుండగానే రెండు చేతులూ తీసి తొడల కింద పెట్టుకుని, రోడ్డు మీదికి చూపు తిప్పుకుంది.

అప్పుడర్థమైంది విఠల్‌కు. ఈ గీత తను రాయాల్సిందే.

"మీ బిడ్డను నాకియ్యమని అడుగుతున్న," అన్నాడు. "మాది మీ కులం కాదు, మీ మాట కాదు. షాపు కిరాయిది. డిగ్రీ సగంలనే ఉంది. మా నాయినకు నేను లేకుంటే నడవది, ఆయన్ను ఇడిసిపెట్టి యాడికీ పోను. ఇవన్నీ కలిపి చూస్తే మీ జవాబు ఏం వస్తదో నాకెరుకే. అయినా మీకు నచ్చాలని నడుమ ఒక్కటి కూడ మార్చి చెప్ప. ఆమె అంటే నాకు పాణం. అది కూడ ఉన్నదున్నట్టే చెప్తున్న."

హరనాథబాబు మీసం దువ్వుకున్నాడు. పక్క షాపులో సత్తార్ సుత్తి చప్పుడు కూడా ఆగింది. సుప్రజ తల తిప్పలేదు. చేతులు తీయలేదు.

"ఆ పెరిగిన మడి సంగతి మా అమ్మాయి చెప్పింది," అన్నాడు హరనాథబాబు. "అలాంటివాడికి పిల్లనెలా ఇస్తానే అన్నాను. వచ్చి చూడమంది." లేచి నిలబడ్డాడు. "డిగ్రీ ఎందాకా వచ్చింది?"

"రెండో ఏడండీ."

"పూర్తి చెయ్యి. చదువు సగంలో వదిలేస్తే నాకు నచ్చదు. మీ నాన్నగారేరీ?"

విఠల్ లోపలికి చూపించాడు. హరనాథబాబు తల వంచి గుమ్మం దాటాడు. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆ తర్వాత ఆయన గొంతు వినిపించింది, తగ్గించి, మర్యాదగా.

"బావగారూ, ఒంట్లో ఎలా ఉందండీ ఇప్పుడు?"

వియ్యంకుణ్ణి పిలిచే పిలుపది. లోపల బసవయ్య తనకు వచ్చిన మాటతోనే ఏదో చెప్పబోతున్నాడు. హరనాథబాబు తొందరపెట్టకుండా వింటున్నాడు.

సుప్రజ అప్పుడు తీసింది చేతులు. అరచేతుల నిండా బెంచీ చెక్క గీతలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"నొస్తుందా?" అన్నాడు విఠల్.

"చాలాసేపు పట్టింది నీకు," అంది ఆమె. మొదటిసారి నువ్వంది.

విఠల్ పక్కన కూచుని, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.