మునిరత్నమ్మ మలుపుకు గేర్ల సైకిల్

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోతుంది.

ఎద్దులకోన డ్యాముకు ఎక్కే పాత బండిబాటలో ఒక మలుపు ఉంది. మునిరత్నమ్మ మలుపు అంటారు. పొద్దుగూకితే ఆ దారిన ఎవరూ పోరు. డ్యాము కట్టే రోజుల్లో రాళ్ళు మోసిన కూలీ మనిషి మునిరత్నమ్మ. ఒక సాయంత్రం తట్ట నెత్తిన ఉండగానే ఆ మలుపులో కూలబడింది. మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి చీకట్లో అటు పోయేవాళ్ళను అడుగుతుందట — "కొంచిం సెయ్యి పెట్టు నాయనా..." అని. చెయ్యి పెడితే ఆ బరువు మన వెంట ఇంటికొస్తుంది. ఇక నిద్ర ఉండదు.

అందుకని పగటిపూట పోయేవాళ్ళు కూడా కొండకింద చింతచెట్టు దగ్గర ఒక రాయి తీసుకుని, మోసుకెళ్ళి మలుపులో పెట్టి, "నీ తట్టలోది ఒకటి నేను మోసినాను తల్లీ" అని చెప్పి పోతారు. తాతల కాలంనుంచి ఇదే పని. మలుపులో కుప్ప మనిషి ఎత్తు అయింది.

ఆ గొంతు తానూ విన్నానని ఊళ్ళో పంకజాక్షి చెబుతుంది. పక్కింటి కుక్కర్ కూడా తనను పేరుపెట్టి పిలుస్తుందని ఆమే చెబుతుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఆమె కోడలు అసలు... అదీ వదిలేద్దాం. పాలు పొంగుతాయి.

కథ దయానంద్‌ది. దొరస్వామి కొడుకు. హైవే టోల్‌గేటులో కూర్చునే ఉద్యోగం. హారన్లు, తిట్లు, చిల్లర. తల అలిసిపోతుంది, కాళ్ళు అలవవు. అలవని కాళ్ళకు నిద్ర రాదు. ఏడాదిగా రాత్రిళ్ళు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. భార్య పవిత్ర మొదట్లో జాలిపడింది. తర్వాత ఆమెకూ నిద్ర పోయింది. ఒకరోజు టోల్‌గేటులో తెరిచిన కళ్ళతోనే కునికి, లారీ కింద పడబోయాడు. చిత్తూరు డాక్టరు మాత్రలు రాయలేదు. "ఒళ్ళు అలవనియ్యి. కొండెక్కు" అన్నాడు.

దయానంద్ బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన గేర్ల సైకిల్ తెచ్చుకున్నాడు. లావు టైర్లు. రాళ్ళమీద కూడా ఎక్కుతుంది. మొదటిరోజు కొండెక్కి వచ్చి, చెప్పులు విప్పకుండానే నిద్రపోయాడు. పవిత్ర ఆ చెప్పులు విప్పుతూ ఏడ్చింది.

రెండోరోజు ఫారెస్టు గార్డు రవిచంద్ర పట్టుకున్నాడు.

"ఇది రిజర్వు ఫారెస్టు. సైకిల్ దొక్కేదానికి మీ నాయన తోట కాదు."

ఇంకో వాలు వెతికితే అదీ ఫారెస్టే. అక్కడా రవిచంద్రే. "మూడోసారి దొరికితే సైకిల్ జప్తు. కేసు" అన్నాడు. రవిచంద్ర అడవిని ఎంత బాగా కాపాడతాడంటే, ఏనుగులు కూడా అతన్ని అడిగే పక్క తోటల్లోకి దిగుతాయి.

ఇక దయానంద్ చట్టానికి దొరకని వాలు వెతకడం మొదలుపెట్టాడు. డ్యాము కట్ట మీదికి పోతే ప్రవేశం నిషేధమని బోర్డు. ఎడమవైపు కుప్పయ్య మామిడితోట. కుప్పయ్య సరేనన్నాడు గానీ అతని కుక్కలు ఒప్పుకోలేదు. సైకిల్ గోడకు ఆనించి, మళ్ళీ రాత్రిళ్ళు నడవడం మొదలుపెట్టాడు.

చివరికి దొరస్వామే అన్నాడు. "ఇంగ బండిబాట ఒకటే మిగిలిండాది. కుప్పకు ఈపక్క ఊరిది, ఆపక్క ఫారెస్టుది. మా నాయన కాలంనించీ అదే మాట."

"ఏ కుప్ప నాయనా?"

"కుప్ప అంటే కుప్పేరా. యాడుంటే ఆడికి" అని దొరస్వామి వక్క కొరికాడు.

"ఆ మలుపులో ఆమె ఉండాదంటారే..." అంది పవిత్ర.

"చెయ్యి పెడితే నిద్ర పోతుంది, అంతే కదా? నాకు పోయేదానికి యాడుండాది?" అన్నాడు దయానంద్.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి అటే పోయాడు. చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి వెలుగు పోతోంది. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. రాయి తీసుకోలేదు.

బాట నిటారుగా ఉంది. గేరు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. కింద ఊళ్ళో దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. వెనక చక్రం బరువెక్కుతోంది... గాలి పోయిందేమోనని దిగి నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అదే బరువు — ఎవరో వెనక పట్టుకుని, లాగకుండా, ఊరికే ఆనుకుని నడుస్తున్నట్టు.

తన ఊపిరి తనకు వినిపిస్తోంది. కాసేపటికి తెలిసింది... వినిపించే రెండు ఊపిర్లలో ఒకటే తనది.

మలుపు వచ్చింది. లైటు వెలుగులో తెల్లగా రాళ్ళకుప్ప. సైకిల్ ఆగిపోయింది.

"నాయనా..."

దయానంద్ వెనక్కి తిరగలేదు.

"కొంచిం... సెయ్యి పెట్టు నాయనా..."

భయపడాలి. భయపడడానికీ ఓపిక కావాలి. ఏడాదినుంచి నిద్రలేని మనిషి దగ్గర అంత ఓపిక లేదు. సైకిల్ పక్కకు వాల్చి, కుప్పకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"నాకూ శాతగాదమ్మా" అన్నాడు. "ఎంతకాలం మోస్తావు? దించి... నువ్వూ కూర్చో."

అన్నేళ్ళుగా ఆ దారిన పోయినవాళ్ళు పరుగెత్తారు, దండం పెట్టారు, రాయి పెట్టారు. దించమని ఎవరూ అనలేదు.

కుప్పలో రాళ్ళు గలగలా జారాయి — తట్ట ఒక్కసారిగా కింద పెట్టినట్టు. ఎవరో పక్కన నిట్టూర్చారు. దయానంద్‌కు అంతవరకే గుర్తుంది.

ఈ సంగతి అతను పవిత్రకు మాత్రమే చెప్పాడు. పవిత్ర పంకజాక్షికి మాత్రమే చెప్పింది. ఆపైన చెప్పాల్సిన పని ఎవరికీ రాలేదు.

తెల్లారి ఊరంతా వెతుకుతుంటే అందరికన్నా ముందు కొండెక్కింది రవిచంద్ర. మనిషి మీద బెంగతో కాదు, సైకిల్ మీద ఆశతో. దొరస్వామి రొప్పుకుంటూ వెనకే పోయాడు. మలుపులో దయానంద్ గురక పెడుతున్నాడు.

"ఈసారి దొరికినావప్పా! సైకిల్ పట్టు!"

"సార్" అన్నాడు దొరస్వామి. "కుప్ప యాడుండాది, సైకిల్ యాడుండాది, సూడండి."

సైకిల్ కుప్పకు ఈపక్క పడి ఉంది. రవిచంద్ర కుప్ప చుట్టూ తిరిగాడు. రాత్రి రాళ్ళు జారినచోట ఒక చెక్కిన రాయి బయటపడింది. దానిమీద ఫారెస్టు వాళ్ళ నంబరు. సరిహద్దు రాయి. అంటే ఫారెస్టు అక్కడినుంచే మొదలు. కిందనుంచి అక్కడిదాకా వాలంతా ఊరిది.

రవిచంద్ర ముఖం మాడిపోయింది. పై ఆఫీసరుకు చూపించాలని ఆ నంబరు రాయిని పెరికి భుజానికెత్తుకున్నాడు.

"వద్దు సార్. ఈడికి రాయి పైకే తేవల్ల. కిందికి తీసకపోగూడదు."

"మీ దెయ్యాలకు ఫారెస్టు రూల్సు తెలీవులే పెద్దాయనా" అని నవ్వి, దిగిపోయాడు.

అతను మలుపు తిరిగాక దొరస్వామి కొడుకు పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "నా చిన్నప్పుడు ఫారెస్టోళ్ళ హద్దు కుప్ప చింతచెట్టు కిందే ఉన్నింది. రాళ్ళు చేతికందేట్టు పేర్చి ఉన్నిందా... అందరమూ దాంట్లోవే తీసుకున్నాం. ఆ నంబరు రాయి మీ తాత మోసినాడు. మంచి చదరంగా ఉండాదని."

దయానంద్ వినలేదు. ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

పై ఆఫీసరు మనుషులను పంపి చూడమన్నాడు. కుప్ప ఉన్నచోటే హద్దు అని వాళ్ళు తేల్చారు. ఇప్పుడు ఆ వాలు మీద ఎవరైనా సైకిల్ తొక్కవచ్చు. దయానంద్ తొక్కడం లేదు. అవసరం పడలేదు. అన్నం తిని చెయ్యి కడిగేలోగా కునుకుతున్నాడు.

నంబరు రాయి ఫారెస్టు ఆఫీసు గుమ్మం పక్కన ఉంది. ఒక్కడే భుజాన తెచ్చిన రాయి. తిరిగి పెట్టి వద్దామని రవిచంద్ర మనుషులను పిలిచాడు. అందరూ పట్టారు. లేవలేదు.

పోయిన నెల ఒక సాయంత్రం అతను దయానంద్ ఇంటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి, "ఆ సైకిల్... వాడతా ఉండావా అప్పా?" అన్నాడు.

సైకిల్ ఇప్పుడు అతని దగ్గరే ఉంది. రోజూ పొద్దుగూకేవేళ చింతచెట్టు దగ్గర ఆగి, ఒక రాయి తీసుకుని, పైకి తొక్కుతాడు.