గీత తొక్కని ఆదివారాలు

ఆదివారం పదిన్నరకు సరిహద్దు వంతెన మీద పసుపు గీతకు ఇవతల దాలమ్మ, అవతల ఆమె తమ్ముడు కూర్మారావు నిలబడి ఉన్నారు. ఇవతల ఆంధ్ర, అవతల ఒడిశా. కంకణం లేని చేత్తో ఆమె కేరేజీ అందించింది. కంకణం లేని చేత్తోనే అతడు అందుకున్నాడు. ఇది ఇరవై ఆరో ఆదివారం.

ఆ కాలంలో ప్రతి మనిషి ఎడమ మణికట్టుకూ నివాస కంకణం ఉండేది. ఎవరు ఏ రాష్ట్రంలో ఎన్నాళ్లున్నారో అదే లెక్కపెట్టి, ఎవరి గోడు ఏ కోర్టు వినాలో అదే తేల్చేది. న్యాయమూర్తులకు హాయి! కూర్మారావుకే అది గుదిబండ అయింది. పడవ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, నలభై ఏళ్ల మనిషి ఏడేళ్ల పిల్లాడైపోయాడు. బరంపురం ఆశ్రమంలో ఉంచారు. సంరక్షకులెవరో కోర్టు తేల్చేదాకా ఇంటికి పంపరు, ఆదివారం భోజనానికి మాత్రం వదులుతారు. కోర్టు తేల్చాలంటే అతడు నూటఎనభై రోజులు వరసగా ఒకే రాష్ట్రంలో ఉండాలి. అక్క ఇంటికని గీత దాటగానే లెక్క మళ్లీ సున్నా. మూడేళ్లు రెండు కోర్టులూ "మా పరిధి కాదు" అని కాగితాలు తిప్పి పంపాయి. అక్క చేతి చేపల పులుసు తినడమే అతడి నేరం కాబోలు! సంరక్షకత్వం అడిగే మనిషి కూడా ఆ నూటఎనభై రోజులూ తన రాష్ట్రం వదలకూడదట. ఇంకేం చేస్తుంది పాపం?

మొదటి ఆదివారం కూర్మారావు ఎప్పటిలాగే పరుగున వచ్చాడు. దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగరా తమ్మా! తొక్కుడుబిళ్ల ఆడదాం. ఇదే గీత. తొక్కినోలు అవుటు."

అతడి మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు ఆమె మీద ఏనాడూ గెలవలేదు మరి.

"నాను తొక్కను, సూడు" అన్నాడు. అప్పటినుంచి గీతకు రెండడుగుల దూరంలో తిన్నాడు, అక్కడే చెయ్యి కడుక్కున్నాడు. తమ్ముడి తల నిమరాలని దాలమ్మకు ఎంతగా ఉండేదో! చెయ్యి చాపితే వేళ్లు అందేవి, తల అందేది కాదు.

నూటఎనభై రోజులు నిండాక బుధవారం ఉత్తర్వు వచ్చింది. సంరక్షకురాలు దాలమ్మే. ఆమె అతడికి కొత్త చొక్కా కొని, ఆదివారం వంతెన దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లి, గీత దాటి, తమ్ముడి తల రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది.

"పద తమ్మా, ఇంటికెల్లిపోదాం."

నాలుగడుగులు వేసి అతడు గీత దగ్గర ఆగిపోయాడు.

"రారా, ఆట అయిపోనాది."

అతడు చెయ్యి విడిపించుకున్నాడు. ఆమె బతిమాలింది, కసిరింది, చొక్కా చూపించింది. ఊహూఁ.

ఆశ్రమం పర్యవేక్షకుడు పట్నాయక్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "అమ్మా, ఇప్పుడు హక్కు మీది. మీరు సరే అంటే మావాళ్లు ఎత్తి బండెక్కిస్తారు. కొంచెం అరుస్తాడు, అంతే."

మూడేళ్లు తిరిగి సంపాదించిన హక్కు అది.

"వద్దు బాబూ" అంటూ దాలమ్మ వంతెన మీదే కూలబడింది.

కూర్మారావు ఆమె పక్కన గొంతుక్కూర్చుని, జాలిగా భుజం తట్టాడు.

"ఏడవకప్పా. గీత తొక్కీసినావు, నువ్వు అవుటు. నాను మాత్రం ఒక్కపాలీ తొక్కనేదు."