పడమటి మూల

ఆరు కూడా కాలేదు, పెరట్లో గీకుడు మొదలైంది. గర్ర్... గర్ర్... కాస్త ఆగి, మళ్ళీ గర్ర్.

రొండా పొయ్యి మీద గ్రేవీ కలుపుతూ పళ్ళు బిగబట్టింది. చలికాలమంతా మట్టిలో నిద్రపోయి, ఏప్రిల్‌లో పైకొచ్చిన దగ్గర్నుంచి డీకన్‌ది రోజూ ఇదే వరస. చెక్కలతో కట్టిన దొడ్డి ఎనిమిది అడుగుల పొడవుంది. నీడకి మొక్కలున్నాయి, పొర్లడానికి ఎండుటాకులున్నాయి, దిగి తడవడానికి నీళ్ళ పళ్ళెం ఉంది. అయినా వాడు ఒక్క మూలే పట్టుకుని ముందు కాళ్ళతో చెక్కని గీకుతూనే ఉంటాడు.

డీకన్ అంటే తాబేలు. చెరువు తాబేలు కాదు. అమెరికాలోని ఆ మిస్సోరి కొండల్లో అడవి నేల మీద తిరిగే బాక్స్ తాబేలు. భయమేస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని, కింది డిప్పని మూతలా బిగించేసుకునే రకం. మెడ చాచి తలాడిస్తూ నడిచే తీరు అచ్చం చర్చి పెద్దమనిషిలా ఉందని వెండెల్ మొదటి భార్య కొరిన్ వాడికా పేరు పెట్టిందట. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తన పుట్టింటి పెరట్లో, బ్లాక్‌బెర్రీ పొదల కింద ఆవిడకి దొరికాడు. పెళ్ళయ్యాక వెండెల్ ఆ ఇంటికే వచ్చి కాపురం పెట్టాడు. వాళ్ళ కూతురు విల్లా వాడి పక్కనే పాకి పెరిగింది.

కొరిన్ పోయి మూడేళ్ళయింది. ఆ ఇంట్లో ఉండలేక ఏడాది తిరక్కుండానే దాన్ని అమ్మేసి, ఊరికి ఇటు చివర ఈ ఇంటికి మారాడు వెండెల్. అతన్ని పెళ్ళాడి రొండా ఈ ఇంటికొచ్చి ఎనిమిది నెలలు. అంతకుముందు ఆరేళ్ళు ఆవిడ విల్లా ఎక్కే స్కూలు బస్సు డ్రైవరు. అందుకే బస్సులో పిలిచినట్టే ఇంట్లోనూ 'మిస్ రొండా' అని పిలుస్తుంది పిల్ల. పోనీలే అనుకుంది రొండా. తొందరేముంది?

గర్ర్.

"ఇవాళ కూడానా, బాబూ? పండగ పూటైనా మమ్మల్ని బతకనివ్వు" అంటూ నాలుగు స్ట్రాబెర్రీలు గుప్పెట్లో పట్టుకుని పెరట్లోకి నడిచింది. దొడ్డి మీది తడక మూత ఎత్తి పళ్ళు లోపల వేసింది. వాడు వాటివైపు చూడనైనా చూడలేదు. ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన. "అయ్యో, గ్రేవీ!" అంటూ పరుగెత్తింది.

మూత తెరిచే ఉండిపోయింది.

* * *

ఎనిమిదింటికి విల్లా కేక ఇల్లంతా వినిపించింది.

"నాన్నా! డీకన్ లేడు! దొడ్లో లేడు!"

వెండెల్ గడ్డం సబ్బుతోనే బయటికొచ్చాడు. పక్కకి తొలగిన తడక చూశాడు. వాడి నీళ్ళ పళ్ళెం మూలకి జరిగి బోర్లా పడి ఉంది. దాని మీదికెక్కి దాటేశాడన్నమాట.

"ఎన్నిసార్లు చెప్పాను, విల్లా? మూత వేసి గడియ పెట్టమని! పోయిన నెలలో రెండుసార్లు మర్చిపోయావు."

"నేనసలు పెరట్లోకే రాలేదు నాన్నా! ఇప్పుడేగా లేచాను!"

"మరి గాలికి ఎగిరిపోయిందా మూత? తప్పు చేయడం ఒకటి, మళ్ళీ అబద్ధమొకటి."

"అబద్ధం కాదు!" పదకొండేళ్ళ పిల్ల మొహం ఎర్రబడింది.

రొండా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పళ్ళేల తుడుపుగుడ్డ. నోరు తెరిచింది. నేనే, అనాలి. రెండక్షరాలు. కానీ పోయిన వారం తను చెప్పిన ఓ పిచ్చి జోకుకి ఈ పిల్ల మొదటిసారి పడీపడీ నవ్వింది. ఎనిమిది నెలల్లో ఒకే ఒక్కసారి. ఆ నవ్వు కళ్ళముందు కదిలింది. తెరిచిన నోరు మూసేసుకుంది.

"ఇవాళ పోటీ లేదు, ఏమీ లేదు. ముందు వెతుకు" అన్నాడు వెండెల్.

జులై నాలుగున, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పండగ నాడు, బడి మైదానంలో తాబేళ్ళ పందెం ఆ ఊరి ఆనవాయితీ. సుద్దతో పెద్ద వృత్తం గీసి, పిల్లలు తెచ్చిన తాబేళ్ళన్నిటినీ మధ్యలో వదులుతారు. ఏది ముందు గీత దాటితే దానికి నీలం రిబ్బను. పోయినేడు అది డీకన్‌దే.

విల్లా కళ్ళు తుడుచుకుంటూ షెడ్డు కింద దూరింది. పక్కింటి ఓడెల్ ముసలాయన కంచె మీద మోచేతులు ఆనించి తమాషా చూస్తున్నాడు.

"ఏమ్మా రొండా, పెద్దమనిషి చర్చికి బయల్దేరాడా ఏంటి?"

"నవ్వులాట కాదు ఓడెల్ గారూ. ఎక్కడైనా చూశారా?"

"లేదమ్మా. తాబేలే కదా అని తీసిపారేయకు. తిన్నగా నడిచిందంటే రెండు గంటల్లో హైవే మీద ఉంటుంది. ఇవాళ సరస్సుకి పోయే బండ్లన్నీ అటేగా. నిన్న రెంటిని నలిపేశారు, నేనే పారతో ఎత్తిపోశాను."

రొండా లెక్కేసుకుంది. ఆరింటికి తెరిచిన మూత. ఇప్పుడు ఎనిమిదిన్నర.

ఎటు వెళ్ళాడు? కాలు ఒకచోట నిలవడం లేదు. పొదలన్నీ దులిపింది, చెత్త డబ్బాల వెనక చూసింది, మళ్ళీ దొడ్డి దగ్గరికే వచ్చింది. అప్పుడు కనిపించింది వాడు రోజూ గీకే ఆ పడమటి మూల. చెక్క మీద వేలు పట్టేంత లోతున గాట్లు. మిగతా మూడు మూలలూ కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి. వాడు దొడ్లో తిరగడం లేదు. ఒకే దిక్కుకి పోవాలని చూస్తున్నాడు.

పోయినేటి పందెం గుర్తొచ్చింది. మిగతా తాబేళ్ళు గడ్డి కొరుకుతూ, ఒకదాన్నొకటి ఢీకొంటూ తిరుగుతుంటే డీకన్ మాత్రం తాడు లాగినట్టు తిన్నగా పోయాడు. గీత దాటాక కూడా ఆగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది. అటు వైపూ పడమరే.

పడమరన ఏముందో బస్సు నడిపిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. హైవే దాటాక మూడు మైళ్ళు, సికమోర్ సందు, ఆఖరి ఇల్లు. పొద్దున్నే కొరిన్ ఆ గేటు దగ్గర పిల్లని బస్సెక్కించేది.

"విల్లా! ఇటు రా! హైవే వైపు!"

ఓడెల్ గారి చిక్కుడు మళ్ళ మధ్యనుంచి ఇద్దరూ పరుగు తీశారు. గట్టు ఎక్కేసరికి కనిపించాడు, నల్ల డిప్ప మీద పసుపు చారలతో. తారు అంచు మీదికి ముందు కాళ్ళు పెట్టి ఉన్నాడు. మెడ బారెడు చాచి ఉంది. అవతల మలుపులోంచి పడవని లాక్కుంటూ పికప్ ట్రక్కు ఒకటి దూసుకొస్తోంది.

రొండా ఆలోచించలేదు. రోడ్డు మీదికి నడిచి అరచెయ్యి నిటారుగా ఎత్తింది. పిల్లలు దిగేటప్పుడు స్కూలు బస్సు పక్కన తెరుచుకునే ఎర్రటి స్టాప్ గుర్తు తన భుజానికే మొలిచినట్టు నిలబడింది. బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "చావాలనుందా తల్లీ?" అని అరిచాడు.

"పిల్లలు దాటుతున్నారు" అంది రొండా, అలవాటు కొద్దీ. డీకన్‌ని ఎత్తుకుంది. వాడు టపుక్కున మూసుకున్నాడు.

గట్టు మీద విల్లా ఆవిడ నడుం చుట్టేసుకుంది. "థాంక్యూ, మిస్ రొండా! థాంక్యూ, థాంక్యూ!"

ఒక్కో థాంక్యూ ఒక్కో చెంపదెబ్బలా తగిలింది.

"విల్లా, ఆ మూత తీసింది నేను. స్ట్రాబెర్రీలు వేసి, గ్రేవీ మాడుతోందని పరుగెత్తాను. గడియ పెట్టలేదు."

పిల్ల చేతులు జారిపోయాయి.

"నాన్న నన్ను తిడుతుంటే మీరక్కడే ఉన్నారు!"

"ఉన్నాను."

"నన్ను అబద్ధాలకోరు అన్నాడు! మీరు విన్నారు!"

"విన్నాను. భయపడ్డాను. అంతకన్నా చెప్పుకోడానికేం లేదు."

"అమ్మవి ఇంకేం మిగిలాయి? ఇల్లు లేదు. వీడొక్కడే!" తాబేలుని లాక్కుని, వెనక్కి చూడకుండా ఇంటికేసి నడిచింది.

* * *

రొండా వంటింట్లోకొచ్చి, వెండెల్ ఎదుటే మళ్ళీ మొత్తం చెప్పింది. అతను గడ్డం రుద్దుకున్నాడు. "క్షమించు తల్లీ" అన్నాడు కూతురితో, నేల చూస్తూ. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "సరే, దొరికాడుగా. ఇంకా అరగంటుంది. పందానికి పదండి" అన్నాడు.

"వాడు పందెంలో పరిగెత్తడం లేదు వెండెల్. ఇంటికి పోతున్నాడు" అంది రొండా. "సికమోర్ సందుకి."

వెండెల్ విసురుగా తలెత్తాడు.

"ఆ మాట ఎత్తొద్దు."

"ఎత్తకపోతే ఎలా? రోజూ వాడే ఎత్తుతున్నాడు."

"తాబేలుకి ఇల్లేంటి? బుర్రలో బఠాణీ అంత మెదడు. వాడికేం తెలుసు?"

విల్లా ముందుకొచ్చింది. డీకన్‌ని నేల మీద పెట్టింది, మొహం పొయ్యి వైపుకి, తూర్పుగా. వాడు కాసేపు డిప్పలోనే ఉన్నాడు. ఆ తర్వాత తల బయటపెట్టాడు. ఎర్రటి కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. గోళ్ళు టకటకమనిపిస్తూ వెనక్కి తిరిగి, కుర్చీల కాళ్ళ మధ్యనుంచి దూరి, పడమటి గోడకి ముక్కు ఆనించాడు. గర్ర్.

పిల్ల ఎత్తి మళ్ళీ తూర్పుకి పెట్టింది. మళ్ళీ తిరిగాడు. ఈసారి ఉత్తరానికి పెట్టింది. అదే గోడ. అదే గర్ర్.

"ఆడుకుంటున్నాడనుకున్నాను" అంది విల్లా సన్నగా. "రెండేళ్ళ నుంచి... ఇంటికి తీసుకెళ్ళమని అడుగుతున్నాడు నాన్నా. నేను వాడికి రిబ్బను కట్టాను."

వెండెల్ కుర్చీలో కూలబడ్డాడు. రంపపు మిల్లులో దుంగలెత్తే చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి.

"కొరిన్ అయితే మొదటి వారమే కనిపెట్టేది" అన్నాడు. "నేను చెవులు మూసుకున్నాను. ఆ ఇల్లు మళ్ళీ చూడాల్సొస్తుందని."

"నువ్వు రాకపోయినా పర్లేదు. నేను తీసుకెళ్తాను" అంది రొండా.

"వాడు నా వాడు" అంది విల్లా చటుక్కున. "నేనే వదులుతాను." తండ్రి కేసి చూసింది. "నువ్వూ రా నాన్నా. చెయ్యి పట్టుకుంటాను."

* * *

పాత ఇంట్లో ఇప్పుడుంటున్న ముసలావిడ వరండాలో బఠాణీలు వొలుస్తోంది. విషయం విని, "తాబేలు ఇంటికొస్తే నన్నడిగేదేంటమ్మా? అద్దె అడుగుతానా?" అని చేత్తో పెరటి దారి చూపించింది.

బ్లాక్‌బెర్రీ పొదలు ఇంకా గుబురెక్కాయి. విల్లా మోకాళ్ళ మీద కూర్చుని వాణ్ణి నేల మీద దించింది. డీకన్ మెడ చాచాడు. ఈసారి తొందర లేదు. రెండడుగులు వేసి, ఓ రాలిన పండుని కొరికాడు. నోరంతా ఊదారంగు పూసుకుని, ముళ్ళ కింద చీకట్లోకి నడిచిపోయాడు. ఆకులు కొద్దిగా కదిలాయి. ఆ పైన అదీ లేదు.

"ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు" అంది విల్లా. ఏడుపు అప్పుడొచ్చింది, వెక్కివెక్కి. వెండెల్ ఆమె తల మీద చెయ్యి వేసి, తనూ ఆ పొదలకేసి చూస్తూ ఉండిపోయాడు. ముఖం దాచుకోలేదు.

రొండా నాలుగడుగుల దూరంలోనే ఆగింది. ఇది తన చోటు కాదు, తెలుసు. తాము వచ్చిన బండి దగ్గరికి వెళ్దామని తిరగబోతుంటే పిల్ల ముక్కు ఎగబీలుస్తూ అడిగింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదుగా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?"

"నువ్వు థాంక్యూ అంటూనే ఉన్నావు. ఇంకొక్కసారి అంటే నేనే ట్రక్కు కింద పడేదాన్ని."

ఏడుస్తున్న పిల్లకి నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

"నాకింకా కోపంగానే ఉంది, మిస్ రొండా."

"ఉండనీ."

"రేపటిదాకా ఉంటుంది. ఎల్లుండి దాకా కూడా ఉండొచ్చు."

"నేనెక్కడికీ పోను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ."

విల్లా కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత పక్కకి జరిగి, తనకీ తండ్రికీ మధ్య మోకాళ్ళు మోపేంత చోటు చేసింది.

రొండా వచ్చి ఆ చోట కూర్చుంది.