ముందు మెడ

మా వదిన కుర్చీని ఇప్పటికీ నా కుర్చీకి ఎదురుగానే ఉంచాను. తీసెయ్యమని అన్నయ్య అడగలేదు. నేనూ తియ్యలేదు.

ఒకే ఇల్లు మాది. నడవకి అటు వాళ్ళిద్దరూ, పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళాక ఇటు నేనొక్కదాన్నీ. క్యాన్సర్ ఆపరేషన్‌లో వదినకి కుడి చంకలో, ఆ తరవాత నాకు ఎడమ చంకలో బిళ్ళలు తీసేశారు. అప్పటినుంచి ఆమె కుడిచెయ్యీ, నా ఎడమచెయ్యీ నానిన పిండిముద్దల్లా ఉబ్బేవి. ఎదురెదురుగా కూర్చుంటే జబ్బుచేతులు రెండూ ఒక పక్కకి, మంచిచేతులు రెండూ ఒక పక్కకి వచ్చేవి.

"ఇద్దర్నీ కలిపితే ఒక నిండు మనిషి," అనేది వదిన.

"రెండు నోళ్ళున్న మనిషి," అనేదాన్ని నేను.

ఆస్పత్రిలో కట్లు కట్టే నర్సమ్మ మాకు విడమరిచి చెప్పింది. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. కండల మధ్య ఊరే నీటికి ఆ దిక్కు లేదు. మనిషి కదిలితే కదులుతుంది, ఊపిరి పీలిస్తే పైకి పాకుతుంది. వెంట్రుకల్లాంటి గొట్టాల్లో దూరి, బిళ్ళల్లో వడకట్టుకుని, మెడ మొదట్లో నెత్తుట్లో కలుస్తుంది. రెండు కాళ్ళ నీరు, పొట్ట నీరు, ఎడమచేతి నీరు, అంతా వెన్నుకి ముందుగా పోయే పెద్ద కాలవలో పడి ఎడమ మెడ దగ్గర తేలుతుంది. కుడిచేతికీ, కుడి రొమ్ముకీ, తలలో కుడి సగానికీ కుడి మెడ దగ్గర పిల్లకాలవ. చంకలో బిళ్ళలు పోయాయంటే దారి తెగినట్టే. ఆ నీటిని చర్మం కిందుగా, రొమ్ము మీదనుంచి అవతలి చంకకి మళ్ళించాలి.

"ముందు మెడ," అంది నర్సమ్మ, మెడ ఎముక మీది గుంత చూపించి. "తరవాత అవతలి చంక. తరవాత రొమ్ము. చెయ్యి ఆఖర్న. తూము ఎత్తకుండా నీళ్ళు తోస్తే ఎక్కడికి పోతాయమ్మా? పిల్లి వీపు నిమిరినట్టు చెయ్యండి. గట్టిగా నొక్కితే ఆ గొట్టాలు మూసుకుపోతాయి. చెయ్యి ఎర్రబడి కాలుతుంటే మాత్రం ముట్టుకోవద్దు. వెంటనే నా దగ్గరికి రండి. లోపల విషం చేరిందని అర్థం."

రోజూ దీపాలవేళ కూర్చునేవాళ్ళం. ఆమెకి నేను, నాకు ఆమె. వదిన ఎడమచేతి చిటికెనవేలు మేమిద్దరం పనిచేసిన నూలుమిల్లులో యంత్రం తినేసింది. మిగిలిన ఆ నాలుగు వేళ్ళూ ఎంత మెత్తన! ఒక్క మెట్టు కూడా వదిలేది కాదు. నా చేతులు వేరు. మిల్లు గేటు ముందు జెండా కర్ర పట్టుకున్న చేతులు. నా కోపం నోట్లో సగమే ఉంటుంది, మిగతా సగం చేతుల్లో.

ఆ సాయంత్రం వాన. వదిన వచ్చి చెయ్యి చాపింది. మోచేతి కింద ఎర్రటి చార. ముట్టుకుంటే కాలుతోంది.

"కత్తి గీరుకుంది. అంతే. కానియ్," అంది.

"ఎర్రబడితే ఆస్పత్రికి పోవాలని తెలీదూ? నువ్వు ఎవరి మాట విన్నావు గనక! సమ్మెనాడూ అంతేగా. మేమంతా గేటు బయట కూర్చుంటే, తలొంచుకుని లోపలికి పోయావు."

"పోయాను. ఆ నెల నీ పిల్లలకి తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. తెలుసు గనకే అడగలేదు. ఒళ్ళు భగ్గుమంది నాకు. ఆ చెయ్యి లాక్కున్నాను. మెడ ముట్టుకోలేదు. చంక ముట్టుకోలేదు. మణికట్టునుంచి భుజందాకా, బట్టలు పిండినట్టు పిండాను. వదిన పెదవి కొరుక్కుంది. తిట్టలేదు. ఒకే మాట అంది.

"ముందు మెడ..."

తెల్లారేసరికి ఆమెకి చలిజ్వరం. వారం తిరక్కుండానే పోయింది. విషం ఒళ్ళంతా పాకిందన్నారు.

"ఆ సాయంత్రం చెయ్యి ఎర్రగా ఉందా చెల్లీ?" అని అన్నయ్య అడిగాడు.

"లేదన్నయ్యా."

అప్పటినుంచి అతను తలుపు చెక్కకి నుదురు ఆనించి అదే మాట: "పక్కనే ఉండి చూసుకోలేదు. నేనే చూసుకోలేదు." యజమానుల మొహం మీదే నిజం చెప్పానని విర్రవీగిన నోరు నాది. అన్నం పెట్టిన మనిషి మొగుడి ముందు పెగల్లేదు.

వదిన పోయాక నన్ను నిమిరేవాళ్ళు లేరు. నా చెయ్యి ఉబ్బాలి. ఉబ్బలేదు. గాజు వదులైంది. నేను కుడిచేత్తో ఎలాగోలా చుట్టుకునే కట్టు, పొద్దున లేచేసరికి చక్కగా, ఎడమచేతి వాటంతో చుట్టి ఉండేది.

"చక్కటి చెయ్యి. ఎవరు చేస్తున్నారమ్మా?" అని నర్సమ్మ అడిగింది. నేను చెయ్యి కొంగుతో కప్పుకున్నాను.

నిన్న కాక మొన్న మళ్ళీ వాన. దీపాలవేళకే కరెంటు పోయింది. తడిసిన దూది వాసన... మేం రాసుకునే నూనె వాసన. ఎదురు కుర్చీ కిర్రుమంది. గాలేమో అనుకున్నాను.

నా మోకాళ్ళకి మోకాళ్ళు తగిలాయి.

వేడిగా... జ్వరం వేడిగా.

చీకట్లో నా ఒళ్ళో ఏదో బరువు ఆనింది. తడిమాను. చెయ్యి. పిండిముద్దలాంటి చెయ్యి. నా బొటనవేలు దిగబడింది. తీశాక ఆ గుంట పూడలేదు.

"ముందు... మెడ..."

పరిగెత్తాలి కదా? పరిగెత్తలేదు. ఆ రోజు ఎగ్గొట్టిన పని మొదలుపెట్టాను. మెడ. చంక. రొమ్ము. పిల్లి వీపు నిమిరినట్టు. ఏడుస్తూ నిమిరాను. నీరు కదులుతోంది. నా వేళ్ళ కింద కదులుతోంది. పోయిన మనిషి ఒంట్లోంచి... ఆ నీరు ఎక్కడికి పోతుంది?

"ఎవరితో మాట్లాడుతున్నావు చెల్లీ?"

గుమ్మంలో అన్నయ్య, చేతిలో దీపం. ఎదురు కుర్చీ ఖాళీ.

"ఎర్రగానే ఉందన్నయ్యా. చూశాను. చూసి కూడా... కోపంతో పిండాను. నువ్వు కాదు. నేను."

అతను అరవలేదు. దీపం కింద పెట్టాడు.

"తెలుసు. చెప్పింది."

"ఎప్పుడు?"

"నిన్న."

అంతే. తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అప్పుడు చూసుకున్నాను, దీపం వెలుగులో. నా కుడిచెయ్యి. మంచిచెయ్యి. డాక్టరు కత్తి పడని చెయ్యి. భుజందాకా ఉబ్బి ఉంది. దాని మీద వేళ్ళ గుంటలు. నాలుగు.

ఈ రోజుకీ అవి పూడలేదు. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. మళ్ళీ దీపాలవేళ అయింది. అన్నయ్య తలుపు వేసే ఉంది. నా మెడ ఎముక మీద, కుడివైపు గుంతలో... నాలుగు వేళ్ళు... మెత్తగా... గుండ్రంగా...

ఆమెకేం తొందర లేదు. ఒక్క మెట్టు కూడా వదలదు.