ఏ రంగు వేసినా తప్పే

స్కూలు బస్సు మా షాపు ముందు అడ్డంగా ఆగింది. లోపల పిల్లలెవరూ లేరు. డ్రైవర్ సీట్లోంచి ఒకమ్మాయి దిగి, చంకలో చుట్టిన తివాచీతో విసవిసా లోపలికి వచ్చి, దాన్ని కౌంటర్ మీద దబ్బున పడేసింది.

"దీనికి రంగులు వేసిందెవరు?"

మగ్గం మీదున్న మా పిన్ని చెయ్యి ఆగిపోయింది. షాపు పిన్నిది. నేయడం ఆమె పని, నూలుకి రంగులద్దడం నా పని. మోచేతుల దాకా నీలిరంగుతో ఉన్నాను, ఇంక దాచుకోవడానికేముంది?

"నేనే" అన్నాను. కాస్త గర్వంగానే అన్నానేమో.

ఎందుకంటే ఆ తివాచీ నాకు బాగా గుర్తుంది. రెండు వారాల క్రితం ఈ అమ్మాయే వచ్చి, ఫోన్‌లో తన వంటింటి నేల ఫొటో చూపించింది. అలాంటి నేల నేనెప్పుడూ చూడలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, నారింజ... ఏ రెండు టైల్సూ ఒకలా లేవు. ఆ ఫొటో ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చుని తొమ్మిది రంగులు కలిపాను. నా జీవితంలో అంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు.

"మీ రంగులు మా అమ్మమ్మని పడేశాయి" అంది.

"అంటే?"

"అంటే ఏంటి, అంటే! నేల ఎక్కడ అయిపోయిందో, మ్యాట్ ఎక్కడ మొదలైందో ఆవిడకి తెలీలేదు. అంచుకి కాలు తగిలి బోర్లా పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు!"

అయ్యో అనబోయాను. అననిస్తేగా!

"వంటింట్లో వేసే దానికి ఎవరైనా ఇలాంటి రంగులు వేస్తారా? కాస్తయినా ఆలోచన ఉండక్కర్లేదా?"

అంతే, నా జాలి ఆవిరైపోయింది.

"ఆగండాగండి. నేలలో కలిసిపోవాలని అడిగిందెవరు? మీరు కాదూ? ఆర్డర్ పుస్తకంలో మీ మాటే రాసుకున్నాను, చూడండి. 'అచ్చం నేలలా కలిసిపోవాలి.'"

"కలిసిపోవాలంటే మాయమైపోవాలని కాదు!"

"ఇంట్లో చూపు సరిగ్గా లేనివాళ్లున్నారని చెప్పారా నాకు?"

"మీరు అడిగారా?"

అడగలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

"ఒరేయ్," అంది పిన్ని, "ఫొటో చూసి రంగులేశావు గానీ నేల చూశావా? ఆ అమ్మాయితో వెళ్లి చూసిరా."

సొంత పిన్ని కూడా అవతలి పక్షమే!

వాన మొదలైంది. బస్సులో చిన్నపిల్లల సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. ఆమె నడుపుతూనే అద్దంలోంచి ప్రతి మలుపుకీ ఒకసారి నన్ను చూసింది. ఆ చూపుకి రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నాను. మూడో మలుపు దగ్గర నేనూ కోపంగా చూద్దామని తలెత్తాను. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపంతోనేనా అని అనుమానమొచ్చింది.

వాళ్ల వరండాలో తెల్ల టైల్స్ పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. లోపల వాళ్ల మావయ్య టేపు పట్టుకుని వంటిల్లు కొలుస్తున్నాడు. గుమ్మం దగ్గర కుర్చీలో, చేతికి కట్టుతో, మూతి బిగించుకుని అమ్మమ్మ కూర్చుని ఉంది.

"సోమవారం పనివాళ్లొస్తారు" అన్నాడు మావయ్య, నేనెవరో అడక్కుండానే. "ఈ గోలంతా పీకించేసి చక్కగా తెల్లవి పరిపిస్తాను. లేకపోతే అమ్మ మళ్లీ పడుతుంది."

"పడింది నేనురా, నేల కాదు" అంది అమ్మమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మా ఆయన టైల్స్ పరిచే పని చేసేవారు బాబూ. పని పూర్తయిన ప్రతి ఇంట్లోనూ మిగిలిన టైలు ఒకటి అడిగి తెచ్చుకునేవారు. తెచ్చిన రోజే పరిచేవారు. ఈ గది నిండడానికి పదకొండేళ్లు పట్టింది. వీడికేమో ఇది గోల!"

నేను వంగి చూశాను. ఫొటోలో రంగులు తప్ప ఏమీ తెలియలేదు. దగ్గర నుంచి చూస్తే ఒక్కో టైలు అంచునీ అరగదీసి పక్కదానితో కలిపిన పనితనం తెలిసింది. వేలు పెట్టి రాస్తే ఎక్కడా ఎత్తుపల్లం లేదు. దీన్నా పీకించేది?

బస్సమ్మాయి నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అంది: "మ్యాట్ వేద్దామన్నది నేను. అమ్మమ్మ పడింది దాని మీద. శిక్ష మాత్రం తాతయ్య నేలకి."

అప్పుడర్థమైంది, పొద్దుట నుంచి ఆమె అరుస్తోంది తన మీద తనేనని. నా కోపం ఠక్కున పక్కకి తిరిగి మావయ్య మీదికి వెళ్లింది.

"ఆదివారం దాకా నాకు టైమివ్వండి" అన్నాను.

"నీకేం సంబంధం బాబూ ఇందులో?"

"రంగు నాదండీ. నా రంగు వల్ల ఇంత పనితనాన్ని గునపంతో పొడిపిస్తారా? నేనొప్పుకోను."

"నువ్వొప్పుకునేదేంటయ్యా!" అని ఆయన అరుస్తుంటే, ఆమె మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూసింది.

మర్నాడు పొద్దున్నే ఇరవై మూడు రంగుల నమూనా ముక్కలు మూటగట్టుకుని వెళ్లాను. అమ్మమ్మని గుమ్మంలో నిలబెట్టి, మనవరాలు ఎడమ చెయ్యి పట్టుకుంది. నేను ఒక్కో ముక్కా నేల మీద పరుస్తాను, ఆవిడ అంచు ఎక్కడుందో చెప్పాలి.

"ఎరుపు వేశానమ్మమ్మా, కనిపిస్తోందా?"

"వేశావా?"

పసుపు వేశాను. పక్కన ఉన్న పసుపు టైలుని చూపించింది. ఆకుపచ్చ వేస్తే పొయ్యిని చూపించింది.

"నాకిప్పుడు రంగులన్నీ మసకే బాబూ" అంది. "వెలుగూ చీకటీ తెలుస్తాయి. అంతే."

ఇంత సంగతి ముందే చెప్తే ఏం పోయింది! ముదురు నీలం తీసి పరిచాను, నల్లగా నిగనిగలాడుతూ. అమ్మమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"అమ్మో, గొయ్యి! నేను కాలు పెట్టను."

"సరిపోయింది!" అని మనవరాలు నా మీద విరుచుకుపడింది. "మొన్న పడేశారు, ఇవాళ గోతిలో తోస్తారా?"

"నేనేమైనా గొయ్యి తవ్వుకొచ్చానా? ఇదీ రంగేనండీ! ఏ రంగు వేసినా తప్పే అంటే నేనేం చెయ్యను?"

విసుగొచ్చి, ముక్కలన్నీ పోగుచేద్దామని మూటగట్టి తెచ్చిన గుడ్డని దులిపి నేల మీద పరిచాను.

"అదిగో, అది కనిపిస్తోంది!" అంది అమ్మమ్మ. "నాలుగు మూలలూ కనిపిస్తున్నాయి."

అది మగ్గం మీంచి కోసిన పాత ముక్క. రంగు వెయ్యని ఉత్త నూలు, మీగడ రంగులో ఉంటుంది. మేము మూటలకి తప్ప దేనికీ వాడం. నేల మొత్తం మళ్లీ ఒకసారి చూశాను. అన్ని రంగులున్నాయి గానీ తెలుపు ఒక్కటీ లేదు.

"తాతగారు తెల్ల టైలు ఎందుకు తేలేదమ్మమ్మా?"

"తెల్లవి మిగిలితేగా! అందరూ అవే పరిపించుకునేవాళ్లు. ఒకటీ అరా మిగిలితే, పగిలినప్పుడు పనికొస్తుందని వాళ్లే దాచుకునేవాళ్లు."

నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. "తొమ్మిదేళ్లుగా రంగులద్దుతున్నానండీ. ఇరవై మూడు రంగులు మోసుకొస్తే, చివరికి మూట గుడ్డ నచ్చిందా?"

బస్సమ్మాయి ముందు పెదవి కొరుక్కుంది. తర్వాత గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నా మీదే నవ్వుతోందని తెలిసి కూడా ఎందుకో నాకు కోపం రాలేదు.

"వంటింట్లో తెల్లదా?" అన్నాడు మావయ్య వెనక నుంచి. "రెండ్రోజుల్లో మాసిపోదూ?"

"రెండు నేస్తాం. ప్రతి శనివారం నేనే వచ్చి ఒకటి వేసి, మాసినది తీసుకెళ్లి ఉతికి తెస్తాను."

"ప్రతి శనివారమా?" అంది ఆమె.

"ప్రతి శనివారమే."

ఆ రోజంతా పిన్ని మగ్గం దిగలేదు. జారకుండా అడుగున రబ్బరు షీటు నేను కుట్టాను. సోమవారం పనివాళ్లు గునపాలతో గుమ్మంలో ఉండగానే, అమ్మమ్మ మీగడరంగు తివాచీ దాకా నడిచి, అంచు దగ్గర ఆగి, పాదం పైకెత్తి సరిగ్గా మధ్యలో పెట్టింది. అలా నిలబడే కొడుకు వైపు తిరిగింది.

"ఇప్పుడు పీకరా, చూస్తాను."

మావయ్య పనివాళ్లని వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. "మరి ఈ పెట్టెలన్నీ ఏం చెయ్యను?" అన్నాడు, ఉక్రోషంగా.

"నీ ఇంట్లో పరుచుకో" అంది అమ్మమ్మ.

అప్పటినుంచి శనివారాలు మొదలయ్యాయి. పది నిమిషాలు ఆలస్యమైతే తగాదా. మూలన మరక వదిలేశానని ఇంకో తగాదా. తివాచీ అర అంగుళం వంకరగా ఉందని ఒకసారి గంటసేపు వాదులాడుకున్నాం. అమ్మమ్మ కట్టు విప్పారు. వానలు వెళ్లిపోయి చలి మొదలైంది. మా తగాదాలు మాత్రం అలాగే ఉన్నాయి.

పదిహేనో శనివారం నాకు జ్వరమొచ్చింది. పిన్ని నూలు వ్యాన్ అతనితో తివాచీ పంపించింది. గంట తిరక్కుండానే ఆమె మా పెరట్లో, రంగుల తొట్ల మధ్య ప్రత్యక్షమైంది.

"మ్యాట్ వచ్చింది. మీరెందుకు రాలేదు?"

"జ్వరమండీ."

"ఫోన్ చెయ్యడం రాదా? ఎవరో ముక్కూమొహం తెలియనివాడిని పంపిస్తారా?"

"మ్యాట్ అందింది కదా!"

"మ్యాట్ ఎవరిక్కావాలి!"

అనేసి, తన మాటకి తనే ఉలిక్కిపడింది.

"మరి ఎవరు కావాలి?" అన్నాను నెమ్మదిగా.

"అది కూడా నేనే చెప్పాలా? పద్నాలుగు వారాలు వచ్చారు. ఒక్కసారైనా మంచిగా మాట్లాడారా?"

"పోట్లాట మొదలుపెట్టేది మీరేగా!"

"పోట్లాడితేనన్నా ఇంకాసేపు ఉంటారని!"

నాకు చెవుల దాకా వేడెక్కింది. అది జ్వరం కాదు. నిజం చెప్పెయ్యక తప్పలేదు.

"ఆ మూలన మరక... ఉతికితే పోయేదే. మీరు తిడతారని నేనే వదిలేసేవాడిని."

"కావాలనా!" ఆమె ముక్కుపుటాలు అదిరాయి. "ప్రతి వారం నా చేత కావాలనే అరిపించారా? అసలు మీకు..." అంటూ దగ్గరికి వచ్చి, తిట్టబోయిన మనిషి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"రేపు మీ పిన్నిని మా ఇంటికి రమ్మంది అమ్మమ్మ" అంది గోడ వైపు చూస్తూ. "ఎందుకని అడిగారో, ఊరుకోను."

"వస్తున్నానని చెప్పమ్మా!" లోపల్నుంచి పిన్ని గొంతు వినిపించింది. ఎప్పట్నుంచి వింటోందో!

"నేనింకా కోపంగానే ఉన్నాను" అంది ఆమె.

"ఉండండి" అన్నాను.

ఉండిపోయింది.